మౌస్ కదిపితేగానీ పలకని కంప్యూటర్

ప్రశ్న: మాది రైస్‌మిల్లు అండీ. వెనక గదిలో కంప్యూటర్‌లో ట్యాలీ ఉంటుంది, నేను ముందు ఆఫీసులో కూర్చుని రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్నే వాడుకుంటాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య రౌటర్ మార్చాం, అప్పట్నుంచే గొడవ మొదలైంది. పొద్దున్న కనెక్ట్ అవుతుంది, భోంచేసి వచ్చేసరికి కాదు. గుమాస్తా లోపలికెళ్లి "ఆన్‌లోనే ఉందండీ" అని కేకేస్తాడు, ఆ వెంటనే ఇక్కడ కనెక్ట్ అయిపోతుంది! రౌటర్ వెనక్కి ఇచ్చేయమంటారా? (అప్పుడే విండోస్ 10 తీసేసి 11 కూడా వేయించాం, దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటా.) – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఇవ్వకండి. మీరు బ్రాకెట్లో పెట్టిన ముక్కే అసలు సంగతి.

మీ గుమాస్తా లోపలికెళ్లి ఏం చేస్తాడో నేను చెప్పగలను. తెర నల్లగా ఉంటుంది, మౌస్ కదుపుతాడు, వెలుగుతుంది, ఆన్‌లోనే ఉందంటాడు. పాపం ఆయన అబద్ధం చెప్పట్లేదు, కానీ నిద్రపోతున్న కంప్యూటర్‌ని లేపిందే ఆయన. తెర ఆరిపోవడం వేరు, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లడం వేరు, చూసేవాళ్లకి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. తెర ఆరితే రిమోట్‌కి వచ్చిన నష్టమేమీ లేదు. స్లీప్‌లోకి వెళ్తే లోపల పని చేసేదంతా ఆగిపోతుంది కాబట్టి మీరు ఇటునుంచి ఎంతసేపు తలుపు కొట్టినా పలికేవాళ్లు ఉండరు. పాతదాంట్లో ఎవరో ఎప్పుడో స్లీప్ తీసేసి ఉంటారు, కొత్త విండోస్ వేసేసరికి ఆ సెట్టింగ్ కాస్తా పోయింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్‌లోకి వెళ్లి స్లీప్ దగ్గర 'నెవర్' పెట్టండి. తెర మాత్రం పది నిమిషాలకి ఆరిపోనివ్వండి, కరెంటు కలిసొస్తుంది.

మీకు వచ్చే మెసేజ్ ఏంటో రాయలేదు గానీ, రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి లేదు, లేదా ఆ కంప్యూటర్ ఆఫ్‌లో ఉంది, లేదా నెట్‌వర్క్‌లో దొరకట్లేదు అని మూడు కారణాలు వరసగా చెప్పేదే అయ్యుంటుంది. జ్వరమైనా కావచ్చు, జలుబైనా కావచ్చు, అసలు మనిషి ఇంట్లోనే లేకపోవచ్చు అన్న డాక్టర్‌లా ఉంటుంది అది. దాన్ని చదువుతూ కూర్చోకుండా ఈసారి కనెక్ట్ కానప్పుడు, గుమాస్తాని పంపకముందే, మీ కంప్యూటర్‌లో పవర్‌షెల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి 'టెస్ట్-నెట్‌కనెక్షన్' (Test-NetConnection) కమాండ్‌కి అవతలి కంప్యూటర్ పేరూ, పోర్ట్ 3389 (-Port 3389) అనీ ఇచ్చి చూడండి. పోర్ట్ అంటే కంప్యూటర్‌కి ఉండే నంబర్ వేసిన తలుపు లాంటిది, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వినేది ఆ పోర్ట్ మీదే. చివరి లైనులో 'ట్రూ' వస్తే దారి బాగానే ఉంది, తేడా లాగిన్‌లోనో ఇంకెక్కడో ఉంది. 'ఫాల్స్' వస్తే కంప్యూటరైనా నిద్రలో ఉండొచ్చు, ఫైర్‌వాలైనా (బయటినుంచి వచ్చేవాటిని ఆపే కాపలా ప్రోగ్రాము) అడ్డుపడుతుండొచ్చు. అసలు పేరే దొరకలేదని వస్తే పేరు బదులు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉండే నంబరు) ఇచ్చి మళ్లీ చూడండి. పింగ్ (ఉన్నావా అని అవతలి కంప్యూటర్‌ని పలకరించే కమాండ్) ఒక్కదాన్నే నమ్ముకోకండి, విండోస్ ఫైర్‌వాల్ చాలాచోట్ల పింగ్‌కి జవాబివ్వనివ్వదు, మెషీన్ శుభ్రంగా నడుస్తున్నా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

అలాగని రౌటర్‌కి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వను. మీరు ఐపీ అడ్రస్ కొట్టి కనెక్ట్ అయ్యే అలవాటున్నవాళ్లయితే, నిన్న 192.168.1.5 అన్నది రేపు 192.168.1.9 కావచ్చు, ఎందుకంటే అడ్రస్‌లు పంచేది రౌటరే. దాని సెట్టింగుల్లో ఆ ట్యాలీ కంప్యూటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేయించండి. రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ కింద లెక్కేసి 'పబ్లిక్' అని ముద్ర వేసి ఉండొచ్చు, అంటే బస్టాండు వైఫై ఎంతో మీ మిల్లు నెట్‌వర్కూ అంతే దానికి. 'ప్రైవేట్' అని మార్చండి. పాత రౌటర్ తీయకుండా కొత్తది దాని వెనక తగిలించారేమో కూడా చూడండి. ఒక కంప్యూటర్‌కి 192.168.0తో, ఇంకోదానికి 192.168.1తో అడ్రస్ మొదలవుతుంటే దాదాపు అదే జరిగినట్టు. అప్పుడు రెండో రౌటర్ వెనకున్న కంప్యూటర్‌లోంచి బయటికి పోతుంది, బయటినుంచి దాంట్లోకి రాదు, రెండో రౌటర్ గేటు దగ్గరే ఆపేస్తుంది. కానీ ఇవన్నీ పొద్దున్నా మధ్యాహ్నం ఒకేలా ఇబ్బంది పెట్టేవి. అన్నం తిని వచ్చేలోగా పడుకునేది స్లీపే.

ప్రశ్న: నేను రోజూ కంప్యూటర్ తెరిచే అంకెలే కొడుతున్నాను, రిమోట్‌లో మాత్రం తప్పు అంటోంది. టెన్షన్‌తో నాలుగుసార్లు పాస్‌వర్డ్ మార్చాను! – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇంక మార్చకండి. తప్పు అని చెప్పిందంటే అవతలి కంప్యూటర్ లేచే ఉంది, మీ మాట వింది, దారి బాగుంది, అందుకు ముందు సంతోషించండి. మీరు కొడుతున్నది పిన్. అది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల కోసం, నెట్‌వర్క్ మీంచి వచ్చేవాళ్లకి చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడుతుంటే యూజర్ పేరు దగ్గర ఆ ఈమెయిలూ, కింద దాని పాస్‌వర్డూ ఇవ్వాలి. ఆ కంప్యూటర్‌లో మొదట్నుంచీ పిన్‌తోనే వెళ్తున్నవాళ్లయితే, దాని ముందు కూర్చుని ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యి అప్పుడు రిమోట్ ప్రయత్నించండి, చాలామందికి అక్కడే ముడి విడిపోతుంది. అసలు పాస్‌వర్డే పెట్టని లోకల్ అకౌంట్ అయితే విండోస్ బయటినుంచి రానివ్వదు, ఏదో ఒకటి పెట్టాల్సిందే.

ప్రశ్న: రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసే బటనే లేదు, ఎందుకు? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీది విండోస్ హోమ్ ఎడిషన్. దాంట్లోంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లొచ్చు, వేరేవాళ్లు దాంట్లోకి రాలేరు. విండోస్ ప్రో కొనండి, లేదంటే ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచి కంప్యూటర్ నడిపే వేరే ప్రోగ్రాము) వాడండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, నాన్నగారి కంప్యూటర్ రాజమండ్రిలో. వాళ్ల రౌటర్‌లో 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను (బయటినుంచి ఆ పోర్ట్‌కి వచ్చేదాన్ని ఆ కంప్యూటర్‌కి పంపమని పెట్టాను), అయినా కనెక్ట్ కావడం లేదు. ఫోన్లో ఆయనకి చెప్పీ చెప్పీ గొంతు పోయింది. – ఒక పాఠకుడు

జవాబు: కనెక్ట్ కాకపోవడమే మంచిదైంది. ఆ పోర్ట్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు రాత్రీపగలూ వచ్చి తలుపు తడుతూనే ఉంటాయి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడ్డప్పుడు పాత విండోస్‌ల్లోకి అసలు పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుండేది. ముందు ఆ ఫార్వర్డింగ్ తీసేయండి.

ఇక ఎందుకు కాలేదంటే, నాన్నగారి రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) ఐపీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఆ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది బయటి ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రస్ కాదు, ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని బోలెడు ఇళ్లకి పంచుతోందన్నమాట. అపార్ట్‌మెంట్ నంబరుంది, ఫ్లాట్ నంబర్ లేదు. ఉత్తరం వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతుంది. మీరు ఇంటి రౌటర్‌లో ఏం మార్చినా పైనున్న కంపెనీ రౌటర్‌కి తెలియదు.

టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా కంప్యూటర్లని ఒకే సొంత నెట్‌వర్క్‌లో కలిపే ప్రోగ్రాము) రెండు కంప్యూటర్లలోనూ వేస్తే సరిపోతుంది, రెండూ లోపల్నుంచి బయటికి వెళ్లి కలుసుకుంటాయి కాబట్టి ఫార్వర్డింగ్ అక్కర్లేదు. అది ఇచ్చే అడ్రస్ కూడా 100తోనే మొదలవుతుంది, చూసి కంగారుపడకండి. నాన్నగారికి సాయం చేయడం వరకే అయితే ఎనీడెస్క్ చాలు, కానీ ఊరికే డౌన్‌లోడ్ చేసి తెరవడం కాదు, పూర్తిగా ఇన్‌స్టాల్ చేయాలి. లేకపోతే విండోస్ పర్మిషన్ అడిగినప్పుడల్లా మీవైపు బొమ్మ ఆగిపోతుంది. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి అందులో కనిపించే నంబర్ అడిగితే చెప్పొద్దని నాన్నగారికి ఈరోజే చెప్పండి, గొంతు వచ్చాక కాదు.