టికెట్ మీది పది గంటల్ని నమ్మకు చెల్లీ

చెల్లీ,

నిన్న ఫోన్లో "తెల్లవారుజామున 4 గంటలకి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 2కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామట, పది గంటలే కదక్కా" అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. మొదటిసారి నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. ఎక్కే టైము హైదరాబాద్‌ది, దిగే టైము అమెరికాది. జూన్‌లో ఆ ఊరు మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలమైతే పదమూడున్నర. ఆ పన్నెండున్నరా కలిపితే ఇరవై రెండున్నర గంటలు. దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, 4 గంటలు. అక్కడ రెండున్నర గంటలు ఆగాలి. ఆ తర్వాత 13,000 కిలోమీటర్లు ఒక్క బిగిన, 16 గంటలు.

సీటు ముందున్న తెర మీద విమానం పడమటికి కాకుండా పైకి, ఉత్తర ధ్రువం వైపు వెళ్తుంటే నాకు గుండె దడ పట్టుకుంది. తర్వాత మనవడు గ్లోబు మీద దుబాయ్ దగ్గర ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఇంకో వేలు పెట్టి దారం లాగి చూపించాడు, దారం సరిగ్గా ధ్రువం పక్క నుంచే పోయింది. అదే దగ్గర దారి, కంగారు పడకు.

ఇక అసలు లెక్క ఇంటి గడప నుంచి వెయ్యాలి. ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో నాలుగైదు గంటలు, విమానానికి 3 గంటల ముందు అక్కడుండాలి, మధ్యలో భోజనానికి ఆగుతారు, కాబట్టి సాయంత్రం 7కల్లా బయల్దేరండి. అటు దిగాక ఇమిగ్రేషన్, సామాన్లు, కారు అన్నీ కలిపి ఇంకో రెండు గంటలు. అంటే అమ్మాయి ఇంట్లో కాళ్ళు కడుక్కునేసరికి 33 గంటలు దాటుతుంది. ఇంకోటి, మరిదికి గట్టిగా చెప్పు: టికెట్ మీద శనివారం తెల్లవారుజామున 4 అని ఉంటే ఇంట్లోంచి కదలాల్సింది శుక్రవారం సాయంత్రం. మాకు తెలిసినవాళ్ళు శనివారం రాత్రి వెళ్ళి విమానం పోయిందని ఏడ్చుకుంటూ వెనక్కొచ్చారు.

నీ షుగర్ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. నేను పెద్ద పెట్టెలో పెట్టేశాను, శంషాబాద్‌లో ఇచ్చిన పెట్టె మళ్ళీ అమెరికాలోనే కంటపడింది, ఆ దారంతా ఒళ్ళు తూలిపోయింది, కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. విమానంలో భోజనం వాళ్ళ టైముకి పెడతారు, కిటికీలు మూసేస్తే పగలో రాత్రో తెలీదు. అందుకే చేతి గడియారం దిగేదాకా మన టైములోనే ఉంచు. ఏ మాత్ర ఎన్నింటికో, దేంతో వేసుకోవాలో డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకుని పాస్‌పోర్టులో మడిచి పెట్టుకో. గంటన్నరకోసారి లేచి బాత్రూమ్ దాకా నడువు, దాహం లేకపోయినా నీళ్ళు తాగు.

ఆవకాయ పెద్ద పెట్టెలోనే వెయ్యి, చేతిసంచిలో ఉంటే తీసేస్తారు. చికెన్, మటన్ పచ్చళ్ళు మాత్రం అసలు వద్దు, అమెరికాలోకి రానివ్వరు. దుబాయ్‌లో గేటు చాలా దూరం పడొచ్చు, మొహమాటపడకుండా వీల్‌చైర్ ముందే రాయించండి.

దిగగానే ఫోన్ చెయ్యి. నీకు మధ్యాహ్నం 2 అయితే ఇక్కడ రాత్రి రెండున్నర, నేను పడుకోను.

అక్క