మారుమూల మట్టి ఇల్లు: ధర తగ్గించే ముందు చేయవలసినవి

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం ఊరికి దూరంగా, ఇరుగుపొరుగు లేని చోట మట్టి గోడలతో ఇల్లు కట్టుకున్నాం. కరెంటు సౌర ఫలకాల నుంచి, నీళ్లు వాననీటి ట్యాంకు నుంచి వస్తాయి. పన్నెండేళ్లు హాయిగా గడిచాయి. ఇప్పుడు మావారి ఆరోగ్యం కోసం అమ్మాయి ఉండే పట్టణానికి మారాలి. ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాదిన్నర అయింది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు, మళ్లీ ఫోను చేయరు. ధర తగ్గించాలా? ఈలోగా అప్పు తీసుకుని పట్టణంలో ఇల్లు కొనవచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎక్కువ నష్టానికి ఆస్కారం ఉన్నది అక్కడే. అప్పు చేసి కొనవద్దు. ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియని ఇంటిని నమ్ముకుని, నెలనెలా తప్పక కట్టవలసిన వాయిదా నెత్తిన పెట్టుకుంటే, ఆరు నెలల తరువాత ఎవరు ఎంతకు అడిగినా ఇచ్చేయవలసి వస్తుంది. మీవారి ఆరోగ్యం అంటున్నారు కాబట్టి మారడం మాత్రం వాయిదా వేయకండి. అమ్మాయి ఇంటికి దగ్గరలో అద్దెకు దిగండి. అద్దె దండగ అనిపించవచ్చు కానీ, బేరమాడే వెసులుబాటు మీ చేతిలో ఉండేది దానివల్లే.

ఇక అమ్మకం. మెచ్చుకుని వెళ్లి ఫోను చేయనివాళ్లను చాలావరకు ఆపుతున్నది ధర కాదు, అనుమానం. మట్టి గోడ వానకు నిలుస్తుందా, వేసవిలో నీళ్లు చాలతాయా, బ్యాటరీ పోతే ఎంత ఖర్చు, ఈ ఇంటికి అప్పు ఎవరిస్తారు? వీటికి మీ నోటి మాట చాలదు, కాగితం కావాలి. అందుకని ధర జోలికి వెళ్లే ముందు ఒక దస్త్రం తయారు చేయండి.

అందులో మొదటిది దారి హక్కు. మారుమూల ఇళ్లకు తరచుగా పక్కవారి పొలంలోంచే బాట ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ రైతు మంచితనం మీద నడిచి ఉండవచ్చు. కొనేవారి లాయరు ముందుగా అడిగేది దాని గురించే. రాతపూర్వకంగా లేకపోతే, ఆయనకు కొంత ఇచ్చి అయినా ఇప్పుడే రిజిస్టరు చేయించుకోండి. కొనుగోలుదారు దొరికాక అడిగితే అదే హక్కు ఖరీదు పెరుగుతుంది.

తరువాత గోడలు. మట్టి కట్టడాలు తెలిసిన ఇంజనీరు చేత పరీక్ష చేయించి నివేదిక తీసుకోండి. ఆయన వచ్చే ముందు మీరే గోడల అడుగుభాగం చూడండి. నేలకు జానెడు ఎత్తున రంగు మారిన తేమ చార, వేలితో గీకితే రాలే పొడి కనిపిస్తే, చూరు నీళ్లు గోడకు దూరంగా పోయే ఏర్పాటు ముందు చేయండి. చిన్న ఖర్చే, కానీ చూడవచ్చినవాళ్ల కన్ను మొదట పడేది ఆ చార మీదే.

విద్యుత్తు విషయంలో దాపరికం వద్దు. సౌర ఫలకాలకు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఉంటుంది. ఇన్వర్టరు 10 నుంచి 15 ఏళ్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు దాదాపు 5 ఏళ్లు పనిచేస్తాయి. మీ ఇన్వర్టరుకు పన్నెండేళ్లు నిండాయంటే కొనేవారు ఆ ఖర్చును రెట్టింపు ఊహించుకుని ధరలో కోస్తారు. మార్చడానికి అసలు ఎంతవుతుందో కొటేషన్ తెప్పించి దస్త్రంలో పెట్టండి. నీటికీ లెక్క చూపండి: 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు, వృథా పోను 800 దాకా ట్యాంకుకు చేరుతాయి. మీ ప్రాంతపు వర్షపాతం, మీ నెలవారీ వాడకం పక్కపక్కన రాస్తే వేసవి భయం చాలావరకు పోతుంది.

కొనేవారికి అప్పు దొరికే సంగతి కాస్త కష్టం. బ్యాంకు విలువ కట్టేది చుట్టుపక్కల అమ్ముడైన అలాంటి ఇళ్లను చూసి. మీ దగ్గర అలాంటివి ఉండవు. ఇంజనీరు నివేదిక పట్టుకుని మీరే ఒకటి రెండు బ్యాంకులకు వెళ్లి, ఎంతవరకు ఇస్తారో కనుక్కోండి. బ్యాంకులు ఇవ్వబోమంటే చేతిలో డబ్బున్నవారే మీ కొనుగోలుదారులు, వారు కొద్దిమందే. వారికి ఇంకో దారి చూపవచ్చు: ఏడాది అద్దెకు ఉండి, ఒక వేసవి, ఒక వానాకాలం చూసి, ముందే ఒప్పుకున్న ధరకు కొనడం. కొంత సొమ్ము బయానాగా తీసుకోండి. పూర్తి డబ్బు అందేదాకా హక్కు బదిలీ చేయవద్దు. ఇల్లు ఖాళీగా పడి ఉండకపోవడం అదనపు లాభం. చాలా బీమా పాలసీల్లో ఇల్లు నెలా రెండు నెలలకు మించి ఖాళీగా ఉంటే రక్షణ తగ్గిపోతుంది, మీ పాలసీలో ఆ షరతు చదవండి.

ఇవన్నీ చేశాక ధర. కట్టడానికి ఎంతయిందన్నది పక్కన పెట్టమనడం బాధగానే ఉంటుందని తెలుసు. ప్రతి గోడ మీరు దగ్గరుండి లేపించారు. అయినా కొనేవారు మీ ఖర్చును కొనరు. మీరు అడిగే ధర 100 అనుకోండి. ఈరోజు 88 ఇస్తామన్నారు. ఆ 88 మీద ఏటా 6 శాతం వచ్చినా రెండేళ్లకు దాదాపు 99 అవుతుంది. ఆగి రెండేళ్ల తరువాత 100కే అమ్మారనుకుందాం. మరమ్మతులు, బీమా, పన్నులు, రాకపోకలకు ఏడాదికి 3 చొప్పున పోతే మిగిలేది 94. పైగా రెండేళ్ల తరువాత అమ్ముడవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మీ అసలు అంకెలతో ఇదే లెక్క వేసి, ఎంత దాకా దిగవచ్చో కాగితం మీద రాసుకోండి, మీవారికీ చూపండి.

దస్త్రం చేతిలో పెట్టుకుని మరో ఆరు నెలలు ఇప్పటి ధరకే ప్రయత్నించండి. అప్పటికీ గట్టి బేరం రాకపోతే ఒకేసారి, కంటికి ఆనేంతగా తగ్గించండి. నెలనెలా కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే, చూసేవాళ్లు ఇంకా తగ్గుతుందని కాచుకుని కూర్చుంటారు. ఇల్లు కట్టినప్పటి, తరువాత పెంచినప్పటి బిల్లులన్నీ వెతికి తీయండి. చాలా దేశాల్లో అమ్మకపు లాభం మీద పన్ను లెక్కించేటప్పుడు ఆ ఖర్చులను మినహాయిస్తారు. ఒప్పందం మీద సంతకం చేయకముందే పన్ను నిపుణుణ్ణి కలవండి.