జావా, యెజ్డీ, బీఎస్‌ఏ: కొత్త మోడళ్లు వస్తాయా? విదేశాల్లో డీలర్లు ఉంటారా?

రెండిటికీ అవుననే నా జవాబు. మహీంద్రా అండ ఉన్న క్లాసిక్ లెజెండ్స్ కంపెనీ మన దేశంలో 2018లో జావా బైకుల్ని, 2022లో యెజ్డీ బైకుల్ని మళ్లీ రోడ్డెక్కించింది. బయటి దేశాల్లో అసలు బలం మాత్రం ఇదే కంపెనీ చేతిలో ఉన్న బ్రిటిష్ బైక్ బ్రాండ్ బీఎస్‌ఏదే. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన పేరు కాబట్టి బ్రిటన్ డీలర్లకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. బీఎస్‌ఏ వాళ్ల 652 సీసీ బైక్ గోల్డ్ స్టార్ ముందు అక్కడ అమ్మాకే 2024 ఆగస్టు 15న ఇక్కడికొచ్చింది. 2025లో వచ్చిన బీఎస్‌ఏ బాంటమ్ 350లో ఉన్నది జావా 42 ఎఫ్‌జేలోని 334 సీసీ ఇంజినే. ఒకే ఇంజిన్‌కి ట్యాంకు, సీటు, పేరు మార్చే ఈ పద్ధతిలో కొత్త మోడళ్లు త్వరగానే వస్తాయి.

నా బెంగంతా స్పేర్ పార్ట్స్ గురించే. విశాఖ బీచ్ రోడ్డు పక్కన రాత్రంతా బండి ఉంచితే, పొద్దున సైలెన్సర్ క్రోమ్ మీద ఉప్పు జిగట వేలికి తగులుతుంది. తుడవకపోతే తుప్పు చుక్కలే. కొనేముందు సర్వీస్ సెంటర్‌కెళ్లి సైలెన్సర్, క్లచ్ కేబుల్ స్టాకులో ఉన్నాయా అని అడగండి.