ఆదాయం తగ్గలేదు, తృప్తి ఎందుకు తగ్గింది?

రాయగడ నుంచి ఒక విశ్రాంత కార్మికుడు రాశారు: “నాకు అరవై ఆరేళ్లు. అప్పులు లేవు. ఈపీఎఫ్ పింఛను నెలకు రూ.3,200 వస్తుంది, బ్యాంకులో రూ.14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 6.5 శాతం వడ్డీ వస్తుంది. అయినా సంతకు వెళ్లొచ్చిన ప్రతిసారీ మనసు పాడవుతోంది. పక్కింటి మాస్టారి పింఛను పెరుగుతూనే ఉంది. డిపాజిట్ తీసి షేర్లలో పెట్టమంటారా?”

అయ్యా, మీ బాధను అత్యాశ అనో, వయసు చాదస్తం అనో కొట్టిపారేసుకోకండి. డి టెల్లా, మెకల్లక్, ఓస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు పన్నెండు ఐరోపా దేశాల సర్వేలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, నిరుద్యోగంతో పాటు ధరల పెరుగుదల కూడా జీవితం పట్ల తృప్తిని తగ్గిస్తుందని తేలింది. నిరుద్యోగం దెబ్బే పెద్దది; కానీ ధరల దెబ్బ సంచి పట్టుకుని వెళ్లే ప్రతివారికీ తగులుతుంది.

మన దేశంలో 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం ఉన్న చిల్లర ద్రవ్యోల్బణం (ఏడాదిలో సరుకుల ధరలు పెరిగిన శాతం) 2025 అక్టోబరులో 0.25 శాతానికి దిగింది. అయితే తగ్గింది పెరిగే వేగమే. అంతకుముందు పెరిగిన ధరలు చాలావరకు అక్కడే నిలిచిపోయాయి. మాస్టారి ప్రభుత్వ పింఛనుకు ధరలతో పాటు పెరిగే కరువు భత్యం తోడవుతుంది, మీ పింఛనుకు ఆ ఏర్పాటు లేదు. కాబట్టి మీ చేతికొచ్చే రూపాయలు తగ్గకపోయినా, వాటికి వచ్చే సరుకు తగ్గిందన్నది నిజం.

తిండికీ మందులకూ ఆధారమైన డబ్బును మాత్రం షేర్లలో పెట్టవద్దు. రూ.2 లక్షలు అత్యవసరానికి బ్యాంకులోనే ఉంచి, మిగిలిన రూ.12 లక్షలను పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. అందులో 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి రూ.24,600 వస్తుంది, అంటే నెలకు రూ.8,200, ఇప్పుడు అదే సొమ్ము మీద మీకు వస్తున్నది రూ.6,500. ఆ తేడా రూ.1,700ను ఖర్చులో కలపకుండా నెలనెలా విడిగా ఒక బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో వేయండి. రెండో ఏడు మొదలుకొని ప్రతి ఉగాదికీ మీ నెల ఖర్చును రూ.500 చొప్పున పెంచుకుంటూ, ఆ పెంపును ఈ నిధి నుంచి తీయండి. ఐదేళ్లకు మీరు జమచేసేది రూ.1,02,000, పెంపులకు అయ్యేది రూ.60,000. మీకు ఎవరూ ఇవ్వని కరువు భత్యాన్ని ఇలా మీరే ఏర్పరచుకోవచ్చు. వచ్చే ఏడు ఎంత పెరుగుతుందో ముందే తెలిసి ఉండడం మనసుకు పెద్ద ఊరట అని నా నమ్మకం.

అలాగే కిరాణా చీటీలను ఆరు నెలలు దాచి, కందిపప్పు ఒక్కదాని ధర కాకుండా నెల మొత్తాన్ని పోల్చి చూడండి. పెరిగిన వస్తువు గుర్తుండిపోతుంది, తగ్గినది గుర్తుండదు.

గడువుకు ముందే డిపాజిట్ తీస్తే వడ్డీలో కోత పడుతుంది గనుక, ఆ తేదీ చూసుకున్నాకే పోస్టాఫీసుకు వెళ్లండి.