పోయేటప్పుడు నాలుగున్నర, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర గంటలా?

ప్రశ్న: డిసెంబరులో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాము. టికెట్ ప్రకారం హైదరాబాద్‌లో ఉదయం 8 గంటలకు బయలుదేరే విమానం మధ్యాహ్నం 12.30కే అక్కడ దిగుతుంది. తిరుగు ప్రయాణంలో రాత్రి 9.30కి ఎక్కితే మరునాడు మధ్యాహ్నం 12 గంటలకు గాని ఇక్కడికి చేరము. దూరం ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: టికెట్‌పై వేళలు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటాయి. చలికాలంలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక (వేసవిలో నాలుగున్నరే), వెళ్లేటప్పటి నాలుగున్నరకు ఐదున్నర కలిపితే పది గంటలు, వచ్చేటప్పటి పద్నాలుగున్నరలోంచి ఐదున్నర తీసివేస్తే తొమ్మిది గంటలు వస్తాయి.

మిగిలిన గంట తేడా గాలిది. విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో మరింత ఉధృతమయ్యే ఈ గాలులు లండన్ వెళ్లే విమానానికి ఎదురై, తిరిగి వచ్చేదాన్ని వెనుక నుంచి నెడతాయి.

గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే రెండు నగరాల మధ్య దూరం సుమారు 7,700 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున ఎనిమిదిన్నర గంటలే పట్టాలి గాని, పైకి లేవడానికి, దిగడానికి, యుద్ధ ప్రాంతాల గగనతలాన్ని తప్పించుకోవడానికి అదనపు సమయం తప్పదు.

అన్నట్టు, మీ ఊరి నుంచి శంషాబాద్‌కు 150 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం ఉంది. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలంటే రాత్రి ఒంటిగంటకే ఇల్లు కదలాలి.