వగరును చేదు అనవచ్చునా?

సందేహం: దక్షిణ ఫ్రాన్సులోని బాందోల్ అనే ఎర్ర వైన్ గురించి వ్యాసం రాస్తూ, “ఇది పొడి ద్రాక్షసారా, ఇందులోని బలమైన చేదు గొర్రెమాంసంతో జతకట్టినప్పుడు తగ్గుతుంది” అన్నాను. మిత్రులు నవ్వారు. తప్పెక్కడ?

సమాధానం: మీ వాక్యంలో మూడు నాలుగు మాటలు తడబడ్డాయి గాని, నన్ను ఊరుకోనివ్వనిది ‘చేదు’ ఒక్కటే. తూలోన్ నగరానికి దగ్గరగా, మధ్యధరా తీరాన పుట్టే ఈ వైన్‌లో ముర్వెద్ర్ అనే ద్రాక్ష సగానికి తగ్గకుండా ఉండాలన్నది నియమం. ఆ పండుకు తొక్క మందం. ఆ తొక్కలోని టానిన్ అనే పదార్థం నోటికి ప్రధానంగా ఇచ్చేది వగరు. నేరేడుపళ్లు తిన్నాక నాలుక గుంజుకుపోయినట్లుండడం, పచ్చి వక్క కొరికితే బుగ్గలు లోపలికి లాగినట్లుండడం మీరు ఎరగనివి కావు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరునూ వేపపువ్వు చేదునూ చిన్నపిల్లలు కూడా వేరు చేసి చెబుతారు. కలం పట్టిన పెద్దలకే ఆ తేడా మరుపుకు వస్తున్నది.

ఈ మరుపుకు మూలం ‘కషాయం’ అన్న మాటలో ఉన్నదని నా అనుమానం. మన ఒగరు (వగరు దాని రూపాంతరమే, కన్నడంలోనూ ఒగరే) సంస్కృతంలో కషాయం, ఆరు రుచులలో ఒకటి. చెక్కలనూ కాయలనూ కాచి తీసిన రసమూ కషాయమే. కావిరంగూ కషాయమే, సన్యాసుల కాషాయం దాని నుంచే వచ్చింది. వైద్యుల గిన్నెలో వేపచెక్క, నేలవేము ఉడికీ ఉడికీ, చివరకు కషాయమంటే చేదేనని జనం స్థిరపరచుకున్నారు. దీనికి తోడు ఆయుర్వేద శాస్త్రంలో కటువంటే కారం, తిక్తమంటే చేదు అని ఉండగా, నేటి పత్రికలు ఆ రెండింటినీ కూడా కలగాపులగం చేశాయి.

టానిన్ అన్న పేరు తోళ్లను పదును చేసే వృత్తిలో పుట్టింది. ఐరోపావారు ఓక్ చెట్టు బెరడుతో చేసిన పనిని మనవారు తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ చేశారు. శ్రీకాళహస్తి కలంకారీలో రంగు నూలుకు పట్టడానికి బట్టను ముందుగా నానబెట్టేదీ కరక్కాయ రసంలోనే, గేదెపాలు కలిపి. తోలులోని మాంసకృత్తులను బిగబట్టినట్లే టానిన్ మన లాలాజలంలోని మాంసకృత్తులనూ పట్టుకుంటుంది కనుక, వగరు నాలుకకు తెలిసే రుచిగా కన్నా నోరంతటికీ తెలిసే బిగువుగా ఉంటుంది. గొర్రెమాంసమో, బాందోల్ ఉన్న ప్రొవాన్స్ ప్రాంతం వారు వైన్‌లోనే మగ్గబెట్టి వండే ‘దోబ్’ అనే గొడ్డుమాంసపు కూరో నోట్లో ఉన్నప్పుడు టానిన్‌కు పట్టుకోవడానికి మరొకటి దొరుకుతుంది, వగరు తగ్గుతుంది. కనీసం 18 నెలలు కొయ్యపీపాలలో, ఆపైన ఏళ్ల తరబడి సీసాలో నిలిచిన బాందోల్‌లో నల్లని పళ్ల రుచికీ మిరియాలకీ కొండ తుప్పల్లోని థైమ్, రోజ్‌మేరీ ఆకుల వాసనకీ తోడు తోలు వాసన కూడా వస్తుందని రుచి చూసేవారు అంటారు. తోళ్ల వృత్తి ఇచ్చిన పేరు మళ్లీ తోలు దగ్గరికే చేరిందన్న మాట!

ఇక తక్కినవి. సారా బట్టీలో దించేది, వైన్ పులియబెట్టేది. కనుక ద్రాక్షసారా చెల్లదు, ‘ద్రాక్షాసవం’ అనండి, లేదా అందరూ ఎరిగిన ‘వైన్’నే ఉంచండి. ‘జతకట్టడం’ కన్నా ‘నంజుకోవడం’ మన నోటి మాట. పూర్వ నిఘంటువుల్లో నంజుడు అంటే మాంసమే కూడాను. అయితే బాందోల్‌కే చెందిన గులాబిరంగు వైన్‌ను మార్సేయి వారి బుయ్యాబెస్ అనే చేపల పులుసుతో తాగేటప్పుడు దేనిలో దేన్ని నంజుకుంటున్నారో తేల్చడం కష్టం కనుక, ఈ మాటపై నేను పట్టుబట్టను.

‘పొడి’ సంగతి. ఫ్రెంచి వారి ‘సెక్’కు ఎండినది అని అర్థమున్నా, వైన్ విషయంలో తీపి లేనిదనే భావం. పొడి అనగానే మనకు కందిపొడి గుర్తుకు వస్తుంది. ‘తీపిలేని’ అనడం మేలు. పొడిదగ్గును ఒప్పుకున్న లోకం రేపు పొడి వైన్‌నూ ఒప్పుకోవచ్చు. అంతవరకు నేను మాత్రం రాయను.