ఆ వింతమనిషిని ఏమనాలి?

సందేహం: చెన్నైలో పానగల్ పార్కు చుట్టుపక్కల ఒకాయన తరచు కనిపిస్తాడు. మే నెల ఎండలోనూ స్వెట్టరు, చంకలో రెండు గొడుగులు. వచ్చే ప్రతి బస్సుకూ నమస్కారం పెడతాడు. ఎవరో, ఏం కథో అని మా ఇంట్లో రోజూ చర్చే. అమ్మ ‘పిచ్చాయన’ అంటుంది, అమ్మమ్మ ‘వెర్రిబాగులవాడు’ అంటుంది, పక్కింటి తమిళావిడ ‘పైత్తియం’ అంటుంది. ఏ మాట సరైనది?
— ఒక పాఠకురాలు, టి.నగర్

సమాధానం: ముందు మీ పక్కింటావిడ మాట. సంస్కృత ‘పిత్తం’ నుంచి పుట్టిన ఈ పదం తమిళంలో ఉన్మాదం దాకా వెళ్లింది. మనం సగం దారిలోనే ఆగాం. పైత్యం చేసిందని అల్లం నమలుతాం, ‘వాడి పైత్యం కాకపోతే!’ అని విసుక్కుంటాం. అలా అనిపించుకున్నవాడు మర్నాడు నిక్షేపంగా ఆఫీసుకు వెళ్తాడు. కాబట్టి చెన్నైలో ఈ మాట ఎవరి నోట విన్నారో చూసుకోవాలి.

‘పిచ్చి’ వద్దు. ‘క్రికెట్ పిచ్చి’ అంటే నవ్వుతారు గానీ, మనిషినే ‘పిచ్చాయన’ అంటే రోగం అంటగట్టినట్టు.

‘వెర్రి’ కాస్త మెత్తన. పాత రాత ‘వెఱ్ఱి’, తమిళ ‘వెఱి’కి చుట్టం. అక్కడ దానికి ఆవేశం ఎక్కువ, ఇక్కడ అమాయకత్వమూ చేరింది. మొక్కల పేర్లలో చూడండి: వెర్రిపుచ్చ చూడ్డానికి పుచ్చే, నోట పెడితే చేదు విషం. వెర్రినువ్వులు అసలు నువ్వులే కావు, వలిసెలు. అయితే ‘వెర్రిబాగులవాడు’ అంటే తేలిగ్గా మోసపోయేవాడు. ఆయన్ని ఎవరైనా మోసం చేయడం మీ అమ్మమ్మగారు చూశారా?

ఒక గొడుగు చిరిగితే రెండోది ఉంటుందని మోస్తున్నాడేమో. అప్పుడది చాదస్తం. ఛందస్సు అంటే వేదం, అది చదివినవాడు ఛాందసుడు. అంత గౌరవమైన మాటకు ఈ గతి పట్టించింది మనమే!

నా ఓటు ‘వింతమనిషి’కి. పాత తెలుగులో ‘వింతవారు’ అంటే పరాయివారు, పరిచయం లేనివారు. మీ పెద్దమనిషి ఎవరో తెలియదు, తీరూ తెలియదు. రెండూ ఒక్క మాటలోనే ఇమిడాయి. (పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, 1921–26లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రీమియర్, తెలుగాయనే. అక్కడ తెలుగు సందేహం పుట్టడం సబబే.)

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘అదో టైపు’ అన్నా తప్పులేదు. పలకరించి పేరు కనుక్కున్న రోజున ‘వింత’కున్న మొదటి అర్థం పోతుంది. రెండోది మాత్రం ఆ గొడుగుల సంగతి తేలేదాకా ఉంటుంది.